రేపు మీకు బడి లేదు

మొజాంబిక్ సరిహద్దు దగ్గర, చిల్వా సరస్సు ఒడ్డున చిసుంబి ఊళ్ళో రెండో తరగతి అంటే డొరికా మేడమ్, డొరికా మేడమ్ అంటే రెండో తరగతి. పందొమ్మిదేళ్ళుగా ఆమె ఆ గది వదిలింది లేదు. తన దగ్గర చదివిన ఆడపిల్లలే తల్లులై తమ పిల్లల్ని వేలు పట్టుకొని తెచ్చి, "నాకూ మీరే చెప్పారు మేడమ్, దీనికీ మీరే చెప్పాలి" అని అప్పజెప్పి పోయేవారు. భర్త పోయి ఏడేళ్ళయింది. బడి వెనకే రేకుల కప్పున్న రెండు గదుల ఇల్లు, దాని వెనక పిడికెడు మొక్కజొన్న చేను. పొద్దున్నే చీపురు పట్టి తన గది తనే ఊడ్చుకొని, పిల్లలు వచ్చేలోపు నల్లబల్ల నిండా అక్షరాలు రాసి పెట్టేది.

ఆ గదిలో నూట నలభై ముగ్గురు. బల్లలు ముందు నాలుగు వరుసలకే సరిపోయేవి. మిగతా పిల్లలంతా నేల మీద, మోకాళ్ళకి మోకాళ్ళు తగిలేలా కూర్చునేవారు. మ, మె, మి, మొ, ము అని పాట కట్టి పాడించేది. సబ్బుల అట్టపెట్టెలు కత్తిరించి అక్షరాలు చేసింది. సీసా మూతలు ఏరి తెప్పించి కూడికలు, తీసివేతలు నేర్పేది. ఇంట్లో యావో మాట్లాడే పిల్లలకు బడిలో చిచేవా పుస్తకం చేతికిస్తే మొదటి ఏడాది సగం మాట అర్థం కావడానికే పోతుంది. అందుకని వాళ్ళ మాటలోనూ చెప్పేది, పుస్తకం మాటలోనూ చెప్పేది. ప్రభుత్వం వాళ్ళు ఒక లావుపాటి దస్త్రం ఇచ్చారు. ఏ పిల్ల ఏ అక్షరం గుర్తుపట్టింది, ఏ పదం చదివింది, ఎంతవరకు లెక్కపెట్టింది అన్నది వారం వారం పిల్లకో వరుసగా అందులో గుర్తు పెట్టాలి. నూట నలభై మూడు వరుసలు. సాయంత్రం గడప మీద కూర్చొని గుర్తున్నంత వరకు పెట్టేది. ముందు వరుసల వాళ్ళ సంగతి గుర్తుండేది. వెనక గోడకి ఆనుకున్న వాళ్ళ దగ్గరికి వచ్చేసరికి కలం ఆగేది. చివరికి పోయిన వారం ఏం పెట్టిందో ఈ వారమూ అదే పెట్టేది.

దాన్ని తల్చుకుంటే ఆమెకు సిగ్గుగా ఉండేది, ఎందుకంటే ఆమె కూడా ఒకప్పుడు వెనక గోడ పిల్లే. తొలో అనే చోట తేయాకు తోటల్లో తల్లి ఆకు కోసేది. డొరికా ఒకటో తరగతి రెండుసార్లు తప్పింది. ఏడాది చివర బడి మూసేరోజు ఊరంతా బడి ముందు చేరుతుంది. హెడ్మాస్టరు పాసైన పిల్లల పేర్లు మొదటి ర్యాంకు నుంచి చదువుకుంటూ వస్తాడు. పేరు వినబడ్డ పిల్ల ముందుకు పరిగెత్తుతుంది, జనం చప్పట్లు కొడతారు, తల్లి ఎదురెళ్ళి నడుముకు చుట్టుకున్న చిటెంజె గుడ్డ విప్పి పిల్ల భుజం చుట్టూ కప్పి ఆడుతుంది. ఆ తర్వాత పేర్లు అయిపోతాయి. పిలవని వాళ్ళ గురించి ఎవరూ ఏమీ అనరు. రెండోసారి పేర్లు అయిపోయినప్పుడు డొరికా తల్లి, తెచ్చిన చిటెంజెని మళ్ళీ నడుముకే చుట్టుకొని, "పద" అంది. మూడో ఏడు ఒక ముసలి పంతులు ఆమెను ముందు వరుసలో కూర్చోబెట్టి, వేలు పట్టుకొని దుమ్ములో అక్షరాలు దిద్దించాడు. టీచరు కావాలన్న కోరిక అప్పుడే పుట్టిందని ఆమె ఎవరైనా అడిగితే చెప్పేది. ఎవరూ పెద్దగా అడిగేవారు కాదు.

ఆ ఏడు వెనక గోడ దగ్గర అసియాతు అని ఒక పిల్ల ఉండేది. పదేళ్ళు ఉంటాయి. ఒకటో తరగతిలో రెండేళ్ళు, రెండో తరగతిలో ఇది రెండో ఏడు. పక్క పిల్లల కంటే తల ఎత్తు ఎక్కువ. ఆ ఎత్తు కనబడకుండా ఎప్పుడూ కాస్త వంగి కూర్చునేది. తల్లి పోయింది, అమ్మమ్మ అబితి కవింగా దగ్గర పెరుగుతోంది. అక్షరాలు చూపిస్తే పిల్ల కళ్ళు బల్ల మీద నుంచి జారిపోయేవి. ఒకరోజు వచ్చిన అక్షరం మర్నాటికి రాదు. కానీ సోమవారాలు, గురువారాలు డొరికా కథ చదివేటప్పుడు వేరే మనిషైపోయేది. నోరు కొంచెం తెరుచుకొని, వంగిన వీపు నిటారుగా చేసి వినేది. కథ అయ్యాక "కుందేలు ఎక్కడ దాక్కుంది? తాబేలు ఏమంది?" అని అడిగితే ముందు వరుసల వాళ్ళు మొహాలు చూసుకునేవారు. వెనక నుంచి అసియాతు చెప్పేది. కుందేలు మాట కుందేలు గొంతుతోనూ, తాబేలు మాట తాబేలు గొంతుతోనూ చెప్పేది. పిల్లలు నవ్వేవారు, డొరికా కూడా నవ్వేది. కానీ ఏడాది చివర పరీక్షలో దానికి మార్కులు లేవు. చూసి చదవాలి, విని రాయాలి. అసియాతు కాగితం ఖాళీగా వచ్చేది. పై మూల చేప బొమ్మ మాత్రం ఉండేది.

జూన్ నెల మొదట్లో, అక్కడ చలికాలాన్ని తెచ్చే చిపెరొని గాలి మొదలైన వారం, హెడ్మాస్టరు ఎంక్వెజలంబ డొరికాను తన గదిలోకి పిలిచాడు. నలభై రెండేళ్ళ మనిషి. ఇస్త్రీ చొక్కా, పాలిష్ పెట్టిన బూట్లు. ఈ బడికి వచ్చి నాలుగేళ్ళయింది, ఇక్కడినుంచి ఎప్పుడు బయటపడతానా అని నాలుగేళ్ళుగా చూస్తున్నాడు. బల్ల మీద ఒక ఉత్తరం ఉంది.

"మంగళవారం వస్తున్నారు మేడమ్. ఆ చదువు పరీక్ష వాళ్ళు. మళ్ళీ మన బడే తగిలింది."

"రెండేళ్ళ కిందట వచ్చినవాళ్ళేనా?"

"వాళ్ళే. ఆ రోజు వచ్చిన పిల్లల్ని వరుసలో నిలబెట్టి ఇన్నో పిల్ల అని లెక్కపెట్టి తీసుకుంటారట. ఇరవై మంది. పోయినసారి ఇరవైలో పద్నాలుగు సున్నాలు. మండల సమావేశంలో బడి పేరు చదివి, నన్ను లేపి నిలబెట్టారు. మీకు గుర్తుందో లేదో, నాకైతే గుర్తుంది."

"నాకూ గుర్తుంది సార్. ఆ పిల్లలు నా పిల్లలే కదా."

అతను ఉత్తరాన్ని నాలుగు మడతలు పెట్టాడు. "మీ తరగతిలో చదవగలిగినవాళ్ళు ఎంతమంది?"

"ముప్పై తొమ్మిది."

"అక్షరాలైనా వచ్చినవాళ్ళు?"

"ఇంకో నలభై దాకా."

"మిగతా వాళ్ళకి ఆ రోజు జ్వరం రావచ్చు. చలికాలం. ఇళ్ళలో చావులు ఉండొచ్చు. రాని పిల్లల్ని వరుసలో నిలబెట్టలేరు కదా." అతను ఆమె మొహం చూడకుండా కిటికీలోంచి చూస్తూ చెప్పాడు. "నేను మీకేమీ చెప్పలేదు. మీరు అనుభవం ఉన్నవారు."

డొరికా గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి తిరిగింది. "పిల్లలకు ఏమని చెప్పాలి సార్?"

"ఒక్కరోజు సంగతి మేడమ్. బుధవారం అందరూ మళ్ళీ వస్తారు. ఎవరికి నష్టం?"

ఆమె తిరిగి వచ్చేటప్పుడు అదే మాట తనకు తాను చెప్పుకుంది. ఎవరికి నష్టం. పోయినసారి ఆ పద్నాలుగు సున్నాల తర్వాత ఆమెకన్నా ఇరవై ఏళ్ళు చిన్నవాడైన ఒక కుర్రాడు మండలం నుంచి వచ్చి, అక్షరాలు ఎలా నేర్పాలో ఆమెకు నల్లబల్ల మీద రాసి చూపించాడు. పిల్లలంతా చూస్తుండగా. ఆ రోజు ఆమె ఇంటికి వెళ్ళి అన్నం వండుకోలేదు.

సోమవారం మధ్యాహ్నం, బడి వదిలే ముందు, రిజిస్టరు తీసి ఒక్కో పేరు చదివింది. పేరు వినబడ్డవాళ్ళు లేచి గోడవైపు వెళ్ళి నిలబడ్డారు. అరవై రెండు మంది. కొందరు పేరు పిలిచారని సంబరపడి పరిగెత్తుకుంటూ వెళ్ళారు. గోడవైపు వెళ్ళి ఎవరి పక్కన ఎవరున్నారో చూసుకున్నాక ఆ సంబరం తగ్గింది. పిల్లలకు తెలుస్తుంది. ఆరేళ్ళ పిల్లకు కూడా తను ఏ వరుసలో ఉందో తెలుస్తుంది.

"రేపు మీకు బడి లేదు," అంది డొరికా. "ఇంట్లో ఉండండి."

"మాకు మాత్రమేనా మేడమ్?" అని ఎవరో అడిగారు.

"మీకు మాత్రమే. రేపు చోటు చాలదు."

అసియాతు అందరికంటే వెనక, గోడ మూల నిలబడి ఉంది. చెయ్యి ఎత్తింది. ఆ పిల్ల కథల వేళ తప్ప చెయ్యి ఎత్తడం డొరికా చూడలేదు.

"ఎల్లుండో మేడమ్?"

అదే సమయానికి బయట, గంటకు బదులు వేలాడదీసిన లారీ చక్రం మీద ఇనుపముక్కతో కొట్టారు. నూట నలభై మూడు మంది ఒక్కసారి తలుపు మీద పడ్డారు. ఒక చిన్నవాడు తొక్కిడిలో కింద పడి ఏడుస్తుంటే డొరికా వాడి దగ్గరికి పరిగెత్తింది. తిరిగి చూసేసరికి గోడ దగ్గర ఎవరూ లేరు.

మంగళవారం తెల్లటి బండిలో ఇద్దరు వచ్చారు, ఒక యువకుడు, ఒక యువతి. మర్యాదగల మనుషులు. ఎనభై ఒక్క మంది పిల్లల్ని వరుసలో నిలబెట్టారు.

"రిజిస్టరులో నూట నలభై మూడు ఉంది కదా సార్, ఇంతమంది రాలేదేం?" అని యువతి అడిగింది.

"పక్క ఊళ్ళో పెద్దమనిషి పోయాడు," అన్నాడు హెడ్మాస్టరు. "అంతా చావింటికి పోయారు."

యువతి "అయ్యో" అని రాసుకుంది. డొరికా చేతిలోని సుద్దముక్కను వేళ్ళతో నలుపుతూ నిలబడింది.

బడి పక్క మామిడిచెట్టు కింద రెండు కుర్చీలు వేశారు. పిల్ల వచ్చి కూర్చుంటుంది. ముందు అక్షరాల కాగితం, నిమిషం గడువు. ట్యాబ్ మీద అంకెలు వెనక్కి పరిగెడుతుంటాయి. మొదటి పది అక్షరాల్లో ఒక్కటీ పలకకపోతే "చాలమ్మా" అని కాగితం తీసేస్తారు, అది నియమం. తర్వాత పదాలు, తర్వాత ఒక చిన్న పేరా. ముందు వరుస పిల్లలు వేలు పెట్టి ఒక్కో పదం కూడబలుక్కుంటూ చదివారు. గుమ్మం దగ్గర నిలబడ్డ డొరికాకు, ప్రతి పిల్లతో పాటు తన పెదవులూ కదులుతున్న సంగతి తెలియలేదు.

ఆఖర్న కాగితం పక్కన పెట్టి యువతి ఒక కథ చదివింది. చిన్న కథ. కోడి, గద్ద, పోయిన సూది. పిల్ల చూడక్కర్లేదు, వింటే చాలు. విన్నాక ఐదు ప్రశ్నలు. "గద్ద కోడికి ఏమిచ్చింది? కోడి ఎందుకు నేల గీరుతోంది?" డొరికాకు ఈ భాగం ఉందని తెలియదు. పోయినసారి ఉందో లేదో, అప్పుడామె దగ్గరుండి చూడలేదు. ముందు వరుసలో అన్నింటికన్నా బాగా చదివే పిల్ల ఐదింటిలో రెండు చెప్పింది. తర్వాతి పిల్ల ఒకటి. ఇంకొకడు అసలు కథే వినలేదు, బండి అద్దంలో తన మొహం చూసుకుంటున్నాడు. డొరికా అక్కడే గుమ్మం మీద కూర్చుండిపోయింది. కోడి గొంతు, గద్ద గొంతు ఎవరు చెప్పగలరో ఆమెకు తెలుసు. ఐదుకి ఐదు. ఆ ఊళ్ళో ఆ కాగితంలో ఐదుకి ఐదు తెచ్చుకోగలిగే పిల్ల ఒక్కతే ఉంది, దాన్ని తనే ఇంట్లో కూర్చోబెట్టింది.

ఇరవైలో సున్నాలు మూడే. హెడ్మాస్టరు కొట్టు నుంచి చల్లటి ఆరెంజ్ సీసా తెప్పించి ఆమె చేతికిచ్చాడు. "చూశారా," అన్నాడు. ఆమె అది తాగి, ఖాళీ సీసా తిరిగి ఇచ్చింది.

బుధవారం చాలామంది వచ్చారు. గురువారం ఇంకొందరు. సోమవారానికి ఒక్క అసియాతు తప్ప అందరూ వచ్చారు. జ్వరమై ఉంటుందనుకుంది. ఆ వారమంతా అలాగే అనుకుంది. రెండో వారం చివర, అదే వీధి పిల్లను అడిగింది.

"అసియాతు సరస్సు లోపలికి పోయింది మేడమ్. వాళ్ళ మామ తీసుకుపోయాడు."

"ఎందుకు?"

"చేపలు ఎండబెట్టడానికి." ఆ పిల్ల కొంచెం ఆగి, "దాని బడి అయిపోయింది కదా మేడమ్. మీరే చెప్పారు," అంది.

ఆ సాయంత్రం డొరికా అబితి కవింగా ఇంటికి వెళ్ళింది. ముసలామె వాకిట్లో రోట్లో మొక్కజొన్న దంచుతోంది, పక్కింటివాళ్ళ గింజలు. మేడమ్‌ని చూసి రోకలి పక్కన పెట్టి, చాప తెచ్చి పరిచి, మోకాళ్ళ మీద కూర్చొని పలకరించింది. పెద్దావిడ అలా కూర్చోవడం డొరికాకు ఎప్పుడూ ఇబ్బందే. ఆ రోజు మరీ.

"లేవండి అవ్వా. అసియాతు కోసం వచ్చాను."

"అది లేదమ్మా. వాళ్ళ మామ దగ్గరుంది."

"బడికి రాలేదేమని..."

ముసలామె ఆమె వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు, అర్థం కాకపోవడమే ఉంది. "మీరే వద్దన్నారు కదమ్మా. అది ఇంటికొచ్చి 'నన్ను పేరు పిలిచి గోడకి నిలబెట్టారమ్మమ్మా, మాకు బడి లేదన్నారు' అంది. నేను నమ్మలేదు. పక్కింటి వాళ్ళ దాన్ని అడిగాను. అదీ అట్లాగే చెప్పింది. తప్పినోళ్ళ పేర్లు వేరుగా తీసేశారని."

"ఒక్కరోజుకే అవ్వా. మంగళవారం ఒక్కరోజుకే."

"ఒక్కరోజుకా," అంది ముసలామె. రోకలి మీద చెయ్యి వేసింది. "దాని మామ రెండేళ్ళ నుంచీ పంపమంటూనే ఉన్నాడు. మా వాళ్ళలో మేనమామ మాటే మాట, మీకు తెలుసు కదా. నేనే అడ్డం పడ్డాను. మేడమ్ చెప్పారు, కొంచెం ఆలస్యంగా వస్తుందట, కానీ వస్తుందట అని చెప్పేదాన్ని. పోయినేడు మీరే అన్నారు, ఈ వాకిట్లో నిలబడి. ఆ మాట పట్టుకొనే ఇన్నాళ్ళూ ఆపాను. మీరే వద్దన్నాక ఇంక ఏ మొహం పెట్టుకొని ఆపమంటారు?"

అలా అన్నట్టు కూడా డొరికాకు గుర్తు లేదు. ఎంతమంది వాకిళ్ళలోనో అలాగే అనేది.

"అది రెండు రోజులు ఏడ్చింది," అంది ముసలామె మళ్ళీ దంచడానికి లేస్తూ. "తర్వాత మానేసింది."

శనివారం పొద్దున ఊరి పడవవాడు డొరికాను ఎక్కించుకున్నాడు. చెట్టు మాను తొలిచిన సన్నటి పడవ, వెనక నిలబడి కర్రతో తోస్తాడు. నీళ్ళు మోకాలి లోతు కూడా ఉండవు చాలాచోట్ల. బురద వాసన. రెల్లు మధ్య దారి రెండుమూడు చోట్ల మూసుకుపోయి ఉంటే పడవవాడు దిగి లాగాడు.

"ఏటికేడూ వెనక్కి పోతోంది మేడమ్," అన్నాడు. "ఇంకో రెండేళ్ళుంటుందేమో. అందుకే ఉన్నన్నాళ్ళూ అందరూ ఇక్కడే పడున్నారు."

రెల్లు నరికి, మోపులుగా తొక్కి దిబ్బ చేసి, దాని మీద గడ్డి గుడిసెలు వేసుకున్నారు జాలర్లు. అడుగు వేస్తే నేల కిందికి కుంగి మళ్ళీ లేస్తుంది. కర్రల మంచెల మీద సన్న చేపలు వెండిరేకుల్లా పరిచి ఉన్నాయి. అసియాతు ఒక మంచె దగ్గర నిలబడి రెండు చేతులతో చేపలు తిరగేస్తోంది. వీపున మామ కొడుకు, ఏడాది వాడు, గుడ్డలో కట్టుకొని నిద్రపోతున్నాడు. మేడమ్‌ని చూసి పిల్ల చేతులు గుడ్డకు తుడుచుకొని, ఒక మోకాలు వంచి దణ్ణం పెట్టింది. ఇప్పుడు వంగి నిలబడడం లేదని డొరికా గమనించింది. ఇక్కడ తన పక్కన పొట్టివాళ్ళెవరూ లేరు.

"బడికి రా అసియాతూ. నిన్ను తీసుకుపోదామని వచ్చాను."

పిల్ల నేలవైపు చూసింది. "పేరు తీసేశారు కదా మేడమ్."

"తియ్యలేదు. నీ పేరు రిజిస్టరులోనే ఉంది. అది నా తప్పు. నేను సరిగ్గా చెప్పలేదు." సరిగ్గా చెప్పకపోవడం కాదని, అసలు చెప్పడమే తప్పని ఆమెకు తెలుసు. కానీ పదేళ్ళ పిల్లతో అది ఎలా అనాలో తోచలేదు.

వీపున బిడ్డ కదిలితే అసియాతు అలవాటుగా రెండడుగులు ఊగింది. తర్వాత, "ఆ కథ ఏమైంది మేడమ్?" అంది.

"ఏ కథ?"

"సోమవారం సగం చదివారు. తోడేలు నూతిలో పడింది. మిగతాది గురువారం అన్నారు."

డొరికా నడుముకున్న గుడ్డ సర్దుకొని రెల్లు మోపు మీద కూర్చొని ఆ కథ మిగతాది చెప్పింది. పక్క గుడిసెల పిల్లలు ఇద్దరు వచ్చి నిలబడ్డారు. అసియాతు ఒక్క మాట వదలకుండా వింది. అయ్యాక తల ఊపి, మళ్ళీ చేపలు తిరగేయడం మొదలుపెట్టింది.

మేనమామ వల లాక్కొని మధ్యాహ్నం వచ్చాడు. ఎముకల మనిషి, పేరు ఇమాని. మర్యాదగానే విన్నాడు. తన భార్య పురిటిలో జబ్బుపడి ఇంకా కోలుకోలేదని, బిడ్డను చూసేవాళ్ళు లేరని చెప్పాడు.

"ఈ ఏడాదికి ఉంచుకోండి. సెప్టెంబరులో బడి తెరిచినప్పుడైనా పంపండి," అంది డొరికా. "అది తెలివిగల పిల్ల."

"నాలుగేళ్ళు మీ దగ్గరే ఉంది కదా మేడమ్." అతని గొంతులో వెటకారం లేదు, నిజంగానే అడిగాడు. "తన పేరు రాస్తుందా?"

డొరికా మంచె మీది చేపల వైపు చూసింది.

"నేను పేరు రాయమంటే నేల మీద గీసింది. చేప గీసింది." అతను చేతులు కడుక్కుంటూ అన్నాడు. "మా చేప మేం ఇక్కడే నేర్పుకుంటాం."

డొరికా తిరుగు పడవ ఎక్కింది. అసియాతు దిబ్బ అంచుదాకా వచ్చి, ఎండు చేపలు ఒక ఆకులో కట్టి మేడమ్‌కి ఇచ్చింది. ఇంటికి వెళ్ళాక డొరికా వాటిని ఏం చేయాలో తోచక రెండు రోజులు అలాగే ఉంచింది. మూడో రోజు టమాటా వేసి వండుకొని, మొక్కజొన్న ముద్దతో తింది. పారేయడం ఇంకా పెద్ద తప్పనిపించింది.

ఆ సోమవారమే హెడ్మాస్టరు దగ్గరికి వెళ్ళి, "మండలానికి ఉత్తరం రాస్తాను సార్. ఆ లెక్క సరైంది కాదని," అంది.

అతను కోప్పడలేదు. రిజిస్టరు తెరిచి ఆ మంగళవారం పేజీ ఆమె ముందుకు తోశాడు. అరవై రెండు పేర్ల ఎదుట 'చావిల్లు' అని ఆమె చేతిరాతే. "రాయండి. ఇది మీ రాతే కదా. నన్ను అడిగితే నేను మీకేమీ చెప్పలేదంటాను, అది నిజం కూడా. మీకు ఇంకా పదేళ్ళ ఉద్యోగం ఉంది. ఒక్క పిల్ల కోసమా మేడమ్? ఏడాదికి ముప్పై మంది మానేస్తున్నారు ఈ బడిలో. వాళ్ళందరి కోసం ఎవరైనా ఉత్తరాలు రాశారా?"

చివరి మాట ఆమెకు గట్టిగా తగిలింది, ఎందుకంటే అది నిజం. ఆ ముప్పై మందిలో ఎంతమంది ఇళ్ళకు తను వెళ్ళింది? పేరు ఎదుట సున్నా చుట్టి, కొన్నాళ్ళకి ఎర్ర గీత కొట్టడం తప్ప.

అయినా ఉత్తరం రాసింది. జరిగింది జరిగినట్టు, తన తప్పు ముందు పెట్టి, రెండు పేజీలు. రెండు నెలలకు జవాబు వచ్చింది. పరీక్ష లెక్కలు పైకి వెళ్ళిపోయాయి కనుక మార్చడం కుదరదనీ, రిజిస్టరులో అబద్ధం రాసినందుకు ఆమెకు హెచ్చరిక ఇస్తున్నామనీ, ఆమె జీతం పెంపు ఏడాదిపాటు ఆపుతున్నామనీ ఉంది. హెడ్మాస్టరు పేరు అందులో లేదు. ఆ మంచి లెక్కల మీదే అతనికి పట్నం దగ్గర కరెంటు ఉన్న బడికి బదిలీ వచ్చింది. వెళ్ళేరోజు అతను ఆమెతో చెయ్యి కలిపి, "మీరు మంచివారు మేడమ్, అదే మీ కష్టం," అన్నాడు.

మూడేళ్ళ తర్వాత పరీక్షవాళ్ళు మళ్ళీ వచ్చారు. ఈసారి నూట యాభై ఆరు మంది వరుసలో నిలబడ్డారు, జ్వరంతో ఉన్నవాళ్ళు కూడా. ఇరవైలో పదిహేను సున్నాలు. మండల సమావేశంలో బడి పేరు చదివినప్పుడు కొత్త హెడ్మాస్టరు కంటే ముందు ఆమే లేచి నిలబడింది. ఎవరో వెనక నవ్వారు. గొప్ప పని చేశానని ఆమెకు అనిపించలేదు. ఆ పదిహేను మందీ చదవలేనివాళ్ళే. నిలబడినంతమాత్రాన వాళ్ళకి అక్షరం రాలేదు. తిరిగొచ్చాక సాయంత్రాలు ఒక గంట వెనక గోడ పిల్లల్ని పదిమందిని ఉంచుకొని చెప్పడం మొదలుపెట్టింది. మొదటి నెల పదిమంది వచ్చారు. తర్వాత కట్టెలకనీ, నీళ్ళకనీ, తమ్ముళ్ళను చూసుకోవాలనీ ఒక్కొక్కరే తగ్గి, వానాకాలానికి ముగ్గురు మిగిలారు. ఆ ముగ్గురికీ చెప్పింది.

సరస్సు ఎండిపోయిన ఏడు రెల్లు దిబ్బలన్నీ బీడైపోయాయి. జాలర్లు దిక్కుకొకరుగా చెదిరిపోయారు. ఆ ముందు ఏడే అబితి కవింగా పోయింది. చావింటికి డొరికా వెళ్ళింది కానీ ఆడవాళ్ళ గుంపులో అసియాతు కనబడలేదు. దారి మధ్యలో ఉందట, అందుకోలేకపోయింది.

అసియాతును డొరికా మళ్ళీ చూసింది సంతలో. పదహారేళ్ళుంటాయి. వీపున బిడ్డ. ఈసారి మామ బిడ్డ కాదు, తన బిడ్డే. భర్తతో పాటు మొజాంబిక్ వైపు పోతున్నామని, అక్కడ నీళ్ళున్నాయంటున్నారని చెప్పింది. పక్కనున్న ఆడవాళ్ళతో, "ఈవిడ మా మేడమ్. కథలు చెప్తే వినాలి," అంది. ఆ ఆడవాళ్ళు గౌరవంగా మోకాళ్ళు వంచారు.

డొరికా బిడ్డ చెంప తాకింది. "ఆడపిల్లా?"

"ఆడపిల్లే మేడమ్."

"అక్కడ బడి ఉందా?"

"తెలీదు మేడమ్. ఉంటుందిలే." అసియాతు నవ్వింది. తర్వాత సంత బయట ఆగిన లారీ వెనక నుంచి ఎవరో కేకేశారు. ఆమె మూట నెత్తిన పెట్టుకొని, బిడ్డను ఒకసారి పైకి ఎగదోసి సర్దుకొని, మిగతావాళ్ళతో పాటు లారీ ఎక్కింది. లారీ నిండా మనుషులు, మూటలు, చుట్టిన వలలు. ఎవరు ఎవరో గుర్తుపట్టేలోపే దుమ్ము లేచింది.

డొరికా ఉప్పు, కిరోసిన్ కొనుక్కొని నడిచి ఇంటికి వచ్చింది. మర్నాడు సోమవారం. రెండో తరగతిలో ఆ ఏడు నూట అరవై మంది.